సల్మె అవ్వ ఓటు

"నిన్న పార్టీవాళ్లు కేకు తెచ్చారు. ఓటు వాళ్లకి మార్చేశా" అంది సల్మె అవ్వ, కంప్యూటర్ ముందు కూర్చుని.

స్వతంత్ర అభ్యర్థి టార్మో లబోదిబోమన్నాడు. "మొన్న నాకేగా వేశావు!"

"మొన్న నువ్వు కట్టెలు కొట్టావు, వేశా. ఆన్‌లైన్ ఓటు గడువు దాకా ఎన్నిసార్లయినా మార్చుకోమని మన ఎస్టోనియా సర్కారే అందిగా!"

"గడువింకో గంటే అవ్వా! పార్టీ లేనోణ్ణి, ఒక్కో ఓటూ ఏరుకుంటున్నా. ఇప్పుడు మార్చేసెయ్."

"మారుస్తాలే. రేపట్నుంచి నా గడప ఎవడు తొక్కుతాడ్రా?"

టార్మో ఓటు మాట మళ్లీ ఎత్తకుండా గొడ్డలి తీసుకుని పెరట్లోకి నడిచాడు.

ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు. మర్నాడు పొద్దున్నే అవ్వ తలుపు తట్టాడు.

"ఎన్నికలు అయిపోయాయి కదరా!"

"కట్టెలు అవలేదు కదవ్వా!"