నలభై మూడో పేలిక

విజయశ్రీ పొయ్యి తుడుస్తోంది. చేతిలో ఎర్ర చీరపేలిక. తుడిచి, పిండి, మళ్లీ తుడిచింది. గోడ గడియారంలో తొమ్మిదీ పావు. పదింటికి సరస్సు పక్కన క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్లు వదులుతారు. ఆ ఘడియ కోసం ఆమె ఆరు నెలలుగా కాచుకుని ఉంది.

తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా క్యాంప్‌గ్రౌండ్ ఓనరు, డాక్టర్ శ్యామ్‌సుందర్.

"లోపలికి రావచ్చా అమ్మా?"

"రండి డాక్టర్‌గారూ. కాఫీ తాగి వెళ్దురుగాని."

పాలు కావాలనే సన్నసెగ మీద పెట్టింది. ఈయన ఇక్కడ ఎంతసేపు కూర్చుంటే అక్కడ అంత మేలు.

ఏటా అక్టోబర్‌లో, టూరిస్టుల సీజన్ అయిపోగానే, ఆ క్యాంప్‌గ్రౌండ్ పార్కు మూసే పని ఆమె భర్త దామోదర్‌ది. గొట్టాల్లో నీళ్లు మిగిలితే విస్కాన్సిన్ చలికి గడ్డకట్టి పగులుతాయి. అందుకని నీళ్లన్నీ తీసేసి కుళాయిలు తెరిచే ఉంచుతాడు. తెరిచిన ప్రతి కుళాయికీ విజయశ్రీ తన పాత ఎర్ర చీర చింపి ఒక పేలిక కట్టేది. ఏప్రిల్‌లో పేలికలు చూసుకుంటూ కుళాయిలన్నీ కట్టేశాకే మెయిన్ వాల్వు తిప్పాలి. నలభై మూడు కుళాయిలు, నలభై మూడు పేలికలు.

కిందటేడు ఆ పని ముగిసిన రోజునే, గొట్టాల్లోకి గాలి కొట్టే కంప్రెసర్ కనబడలేదని ఈ పెద్దమనిషి నలుగురిలో దామోదర్ చేత కారు డిక్కీ తెరిపించాడు. అందులో చీపురు తప్ప ఏమీ లేదు. అయినా రేపట్నించి రావద్దన్నాడు. దామోదర్ తల దించుకుని వచ్చేశాడు. విజయశ్రీ దించుకోలేదు. తాళాలు అప్పగించే మిషతో పార్కులోనే ఉన్న, చలికాలం మూసి ఉంచే డాక్టర్ ఇంటికి వెళ్లి, బేస్‌మెంట్‌లో మెట్ల వెనక కుళాయికి కట్టిన పేలిక విప్పి కోటు జేబులో పెట్టుకుంది. కొత్త కార్పెట్, నేల నుంచి పైదాకా పుస్తకాలు. ఆయన ప్రాణమంతా ఆ గదిలోనే. ఈ ఏడు వచ్చే కొత్త పనివాడు పేలిక లేని కుళాయి జోలికి పోడు. మెయిన్ తిప్పగానే గదంతా మునుగుతుంది.

చలికాలమంతా ఆ పేలికతోనే ఆమె పొయ్యి తుడిచింది.

"సారీ చెప్పడానికి వచ్చానమ్మా" అన్నాడు డాక్టర్. "కంప్రెసర్ బోట్ కవర్ కింద దొరికింది. నేనే పెట్టి మర్చిపోయాను."

"పోయిన మర్యాద ఏ కవర్ కింద దొరుకుతుంది డాక్టర్‌గారూ?"

ఆయన కప్పు ఖాళీ చేసి కింద పెట్టాడు. తొమ్మిదీ ముప్ఫై అయిదు. విజయశ్రీ మరో కప్పు పోసింది. ఆయన వద్దనలేదు. తాగుతూ తాగుతూ, నిదానంగా ఒక్కో సంగతీ చెప్పుకొచ్చాడు. కొత్తవాడు రానేలేదట. పొద్దున్నే దామోదర్ పనిచేస్తున్న గరాజ్‌కి తానే వెళ్లాడట. అక్కడ అందరి ముందూ క్షమాపణ అడిగి, పాత ఉద్యోగంలోకి రమ్మని బతిమాలాడట.

"మీ ఆవిడకి నేనే స్వయంగా చెబుతాను, నువ్వు ఫోన్ చెయ్యకు అన్నాను. ఇప్పుడు పార్కులోనే ఉన్నాడమ్మా."

విజయశ్రీ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"మా బేస్‌మెంట్ కూడా ఒకసారి చెక్ చెయ్యవయ్యా అంటే నవ్వాడు" అన్నాడు డాక్టర్, తనూ నవ్వుతూ. "పేలికలు కట్టింది మా ఆవిడ సార్, ఇంక నేను చూడక్కర్లేదు, పది కొట్టగానే మెయిన్ తిప్పేస్తా అన్నాడు."

పదికి అయిదు నిమిషాలుంది. పార్కు రెండు మైళ్లు. అక్కడ సెల్ సిగ్నల్ అందదు, ఆఫీసు ఫోన్ సీజన్ మొదలయ్యేదాకా పనిచెయ్యదు.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. విజయశ్రీ ఎర్ర పేలిక గుప్పిట్లో బిగించి, చెప్పులైనా వేసుకోకుండా పార్కు వైపు పరుగెత్తింది.