ఖాంగ్ కొనుక్కున్న జోస్యం

"ఇంత గుండిగలో ఏం వండుతావు? నన్నా?"

ఖాంగ్ వంటగది గుమ్మంలోనే ఆగిపోయాడు. సాదెక్ ఊరి సంతలో పాతది కొని బండి మీద వేయించుకొచ్చినట్టుంది పెళ్ళాం. మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే పట్టేంత గుండిగ.

"నూడుల్స్‌కి ఎముకల రసం," అంది దియెమ్, తోమడం ఆపకుండానే. "రేవు దగ్గర గది మాట్లాడాను. పొద్దున్నే పడవ దిగేవాళ్ళంతా ఆ దారినే పోవాలి."

"చేపల ఫ్యాక్టరీలో పనుందిగా నీకు?"

దియెమ్ తడి చేతులు చాపి చూపించింది. పద్నాలుగేళ్ళుగా మంచులో చేపలు కోసి కోసి వేళ్ళు పాలిపోయాయి. "ఇవి ఇంకెన్నాళ్ళు వంగుతాయి చెప్పు? వంగినన్నాళ్ళయినా నా పొయ్యి దగ్గర వంగనీ."

"నేను వార్డు ఆఫీసులో పనిచేస్తున్నవాణ్ణి. మా ఆఫీసరు వచ్చి కూర్చుని, 'ఏయ్, ఇంకో గిన్నె' అని నీకు చిటికె వేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"గిన్నెలో పెట్టుకో. ఆయన తినేసి వెళ్ళేదాకా కనపడదు."

ఖాంగ్‌కి ఒళ్ళు మండింది. "కొట్టో, నేనో తేల్చుకో!"

"తు తాత తేలుస్తాడు. ముహూర్తం అడగడానికి రేపు వెళ్తున్నా."

తు తాత మాటంటే దియెమ్‌కి తిరుగులేదు. ఆయన మంచిది కాదన్న రోజున జుట్టు చివర కూడా కత్తిరించుకోదు. ఆయన ఆగమన్నాడనే పెళ్ళి ఏడాది వెనక్కి జరిపింది. అందుకే ఖాంగ్ మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, సంచిలో మంచి సారా సీసా వేసుకుని, పెళ్ళాం కంటే ముందే ఆ జోస్యుడి ఇంట్లో వాలాడు. పెళ్ళాంతో నేరుగా పోట్లాడి గెలవలేని మగాడికి ఇలాంటి తెలివితేటలకేం తక్కువ ఉండదు.

"కొట్టు అచ్చిరాదని చెప్పు తాతా."

"అచ్చిరాదంటే ఇంకో రోజు చూడమంటుంది. అదీ బాగోదంటే మరోటి. నీ పెళ్ళాం సంగతి నాకు తెలీదా?"

ఖాంగ్ సంచిలోంచి సీసా తీసి తాత చేతి కింద పెట్టాడు. "అయితే నా ప్రాణం మీద పెట్టు. ఆ కొట్లో పొయ్యి వెలిగిన ఏడాదిలోపు మొగుడు పోతాడని చెప్పు."

తాత సీసా మీంచి చెయ్యి తీసేశాడు. "నువ్వు పాము సంవత్సరంలో పుట్టావు, ఆమె పంది సంవత్సరం. రెంటికీ ఎలాగూ పడదు కాబట్టి అల్లడం కష్టం కాదు. కానీ అలాంటి మాట నోటితో అనకూడదయ్యా."

"నేను నమ్మనుగా!"

"ఆమె నమ్ముతుంది."

"నాకు కావలసిందీ అదే," అని ఖాంగ్ సీసాను ముందుకు తోశాడు.

మధ్యాహ్నానికి దియెమ్ ఇంటికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమన్నాడు?" అన్నాడు ఖాంగ్, ఏమీ ఎరగనట్టు.

"ఏం లేదు. అన్నం తిను."

చేప కూరలో పొట్ట ముక్కలన్నీ ఏరి అతని గిన్నెలోనే వేసింది. తర్వాత ముందుగదిలో, పోయినవాళ్ళ కోసం ఉంచిన పూజబల్ల దగ్గరికి వెళ్ళి, నల్ల ఫ్రేములో ఉన్న మామగారి ఫొటో ముందు అగరొత్తులు వెలిగించింది. చాలాసేపు నిలబడే ఉంది.

"నాన్నకేం చెప్పుకున్నావు?"

"తప్పయితే క్షమించమన్నాను."

రెండో రోజుకల్లా వంటింట్లో గుండిగ లేదు. ఖాంగ్ ఆ ఖాళీ జాగా కేసి చూసి ఈల వేసుకున్నాడు. ఆ వారమంతా దియెమ్ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అతను దగ్గితే వేడినీళ్ళు తెచ్చిచ్చింది. వర్షంలో వస్తే తల తుడిచింది. పెళ్ళయిన కొత్తలో కూడా అంత ముద్దుగా చూసుకోలేదు. శనివారం అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని ఊరికే కూర్చుంది. మంచుకు మొద్దుబారిన ఆ వేళ్ళు తగిలేసరికి ఖాంగ్‌కి సిగ్గేసింది. నా ప్రాణం కోసం తన ఆశంతా వదిలేసుకుందే, నేనేమో సారా సీసాతో సరిపెట్టాను అనుకున్నాడు. కొత్త సంవత్సరం పండగ వెళ్ళాక తనే తు తాత దగ్గరికి పోయి దోషం తీరిపోయిందని చెప్పిస్తాడు. కొట్టు పెట్టుకోనిస్తాడు. ఆఫీసరు చిటికె వేస్తే వేశాడు.

ఆదివారం దియెమ్ అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసింది.

"ఫొటో దిగాలి, పద."

ఖాంగ్‌కి నవ్వొచ్చింది. పెళ్ళి ఫొటో తప్ప ఇద్దరికీ కలిపి మరొకటి లేదు మరి. స్టూడియోలో బల్ల మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు. "రా, నువ్వూ కూర్చో."

"నీ ఒక్కడిదే," అంది. వంగి అతని కాలరు సరిచేసింది. కళ్ళు తుడుచుకుంది. "కదలకు. నవ్వకు."

ఫొటో తీశాక స్టూడియో అతను అడిగాడు, "ఏ సైజు కావాలక్కా?"

"పూజబల్ల మీద మా మామగారి ఫొటో ఉంది, దాని పక్కన పెట్టే సైజు," అంది దియెమ్. "ఫ్రేము నల్లది వెయ్యి తమ్ముడూ. ఈ వారంలోనే ఇచ్చెయ్, వచ్చే సోమవారం నుంచి కొట్టు తెరుస్తున్నాను, నాకు తీరదు."