పసుపు వైన్ దొంగ

రెజిస్ కోటు లోపలి అస్తరుకి వాళ్లావిడ నడేజ్ మూడు జేబులు కుట్టింది. ఒక్కో జేబులో ఒక్కో సీసా నిలువునా పడుతుంది. జురా కొండల్లో చేసే పసుపు వైన్‌ని పొట్టిగా, బొద్దుగా ఉండే సీసాల్లో పోస్తారు. దొంగల సౌకర్యం కోసమే చేశారా అనిపించే సీసాలు.

పద్ధతి మామూలే. ఏదో ఒక చిన్న కుటుంబం నడుపుకునే ద్రాక్షతోటకి వెళ్లడం, వాళ్లు వైన్ నిలవ చేసే నేలమాళిగ, అదే సెల్లార్, చూపిస్తుంటే వెనకబడటం, పాత సీసాల అర దగ్గర వంగి బూటు తాడు కట్టుకోవడం. లియోన్‌లో ఒక హోటలాయన, ఇవెక్కడివని అడక్కుండా కొంటాడు.

ఆ ఆదివారం ఉదయం బర్దే వాళ్ల తోట వంతు వచ్చింది. గేటు తీసే ఉంది. ముంగిట్లో వ్యాను ఆగి ఉంది. రెజిస్ కంటే ముందే వచ్చిన బెల్జియం ముసలి దంపతులు గుమ్మం దగ్గర గంట కొడుతున్నారు. సెల్లార్‌లోంచి యాభై ఏళ్లాయన ఒకడు చేతులు దులుపుకుంటూ బయటికొచ్చి, ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు.

"సెల్లార్ చూడ్డానికి వచ్చామండీ" అంది బెల్జియం ఆవిడ.

"చూడ్డానికా." ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వాడు. "రండి, రండి. నా పేరు ఫిర్మిన్. ఇంట్లో పిల్ల మొదటి సత్ప్రసాదం పండగని మావాళ్లంతా చర్చికి పోయారు. నేనొక్కణ్ణే ఉన్నా."

గొలుసుకి కట్టేసిన కుక్క ఆయన్ని చూసి ఒకటే మొరుగుడు.

"దానికి స్నానం చేయించేది నేనే లెండి. అందుకే ఆ కోపం" అన్నాడు ఫిర్మిన్.

సెల్లార్‌లో చల్లగా ఉంది. పీపాల వరసల మధ్య ఫిర్మిన్ ముందు నడుస్తున్నాడు. బెల్జియం ఆవిడ ప్రశ్నలు ఆపడం లేదు.

"పీపాలో ఎన్నేళ్లు ఉంచుతారండీ?"

"మనం తొందరపెట్టనన్నేళ్లు ఉంటుందమ్మా."

మరొకడైతే అరగంట ఉపన్యాసం దంచేవాడు. ఈయన గొప్పలు చెప్పుకోని మనిషి అనుకున్నాడు రెజిస్. అనుకుంటూనే వంగి బూటు తాడు కట్టుకున్నాడు. లేచేసరికి మొదటి జేబు నిండింది.

రుచి చూపించేటప్పుడు బిరడా తీసే మర కోసం ఫిర్మిన్ సొరుగులన్నీ లాగాడు. "మా అమ్మ దేన్నీ ఉన్నచోట ఉంచదు" అని విసుక్కుని, జేబులోంచి చాకు తీసి దాంతోనే కానిచ్చాడు. గ్లాసుల్లో సగందాకా పోశాడు. కోంతే జున్ను, అక్రోట్లు చేతికందినన్ని పెట్టాడు. ఇంత ధారాళంగా పోసే రైతుని రెజిస్ ఈ కొండల్లో ఎక్కడా చూడలేదు. ఆ సందట్లో మిగతా రెండు జేబులూ నిండాయి.

బెల్జియం దంపతులు రెండు సీసాలు కొనుక్కుని, చెంపలు ఎర్రబడి, ఊగుతూ వెళ్లిపోయారు. రెజిస్ కూడా లేచాడు.

"బాబూ," అన్నాడు ఫిర్మిన్ గ్లాసు తుడుస్తూ, "కోటు బరువుగా లేదూ?"

రెజిస్ చెయ్యి కోటు బొత్తాల మీదికి పోయింది.

"మూడోది తీస్తుంటే చూశా. ముందు రెండూ ఎప్పుడు తీశావో నాకే అంతుపట్టలేదు. మంచి చేతివాటం."

"అయ్యా, తప్పయిపోయింది. పోలీసుల్ని పిలవకండి. మా ఆవిడ..."

"పోలీసులెందుకు మన మధ్య?" అన్నాడు ఫిర్మిన్ శాంతంగా. "తీసినవి అక్కడ పెట్టు. కోటు విప్పు. పాత సరుకంతా వ్యానుకెక్కించాలి, నా నడుం సహకరించడం లేదు. ఆ పని చేసిపెట్టు, చెల్లుకి చెల్లు."

రెజిస్ చొక్కా చేతులు మడిచాడు. పెట్టె మీద పెట్టె మోశాడు. చెమటలు కారుతున్నా ఆగలేదు. ఫిర్మిన్ పక్కనే నిలబడి, సీసాలు గలగలమనకుండా గోనెపట్టాలు సర్దుతూ మాట్లాడుతున్నాడు.

"నీ వయసులో నేనూ ఇలాగే ఉండేవాణ్ణి. ఒక్కో సీసా, ఒక్కో సీసా. బతుకంతా భయం. మనిషన్నాక ఒళ్లొంచి పని చెయ్యాలి బాబూ."

తప్పు చేస్తే తిట్టకుండా, కొట్టకుండా పని చెప్పిన మనిషి రెజిస్‌కి చిన్నప్పుడు వాళ్ల నాన్న ఒక్కడే. ఇంకో పెట్టె భుజానికెత్తుకున్నాడు.

పాత సీసాల అరలన్నీ ఖాళీ అయ్యాక ఫిర్మిన్ వ్యాను తలుపులు మూసి, ఒక సీసా రెజిస్ చేతిలో పెట్టాడు. "ఇది నీ కష్టానికి. దర్జాగా తీసుకెళ్లు." తర్వాత సెల్లార్ తాళంచెవి కూడా ఇచ్చాడు. "సరుకు దించేసి వస్తా. ఈలోగా మా అమ్మ వచ్చేస్తుంది, ఆవిడకివ్వు. అందాకా ఇల్లు కనిపెట్టుకుని ఉంటావా?"

"నన్ను నమ్ముతున్నారా అయ్యా?"

"నిన్ను కాక ఇంకెవర్ని నమ్మను?"

వ్యాను మలుపు తిరిగి ద్రాక్షతీగల వెనక మాయమైంది. రెజిస్ గుమ్మం మీద కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతనికి ఒక ఇంటి తాళంచెవి ఇచ్చిన పాపాన పోలేదు. నడేజ్‌తో ఆ జేబులు విప్పించెయ్యాలి అనుకున్నాడు. వీలైతే ఇక్కడే పనికి కుదరాలి. కుక్క కూడా మొరగడం మానేసి, గొలుసు సాగినంత మేర వచ్చి అతని కాళ్ల దగ్గర పడుకుంది.

మధ్యాహ్నం చర్చి గంటలు మోగిన కాసేపటికి రెండు కార్లొచ్చి ఆగాయి. తెల్లగౌను పిల్ల, వాళ్ల అమ్మానాన్నలు, వాళ్ల వెనక నల్లటోపీ పెట్టుకున్న ముసలావిడ దిగారు. రెజిస్ లేచి, టోపీ తీసి, తాళంచెవిని రెండు చేతులా ముసలావిడకి అందించాడు.

"అమ్మగారూ, మీ అబ్బాయి మీకివ్వమన్నారండీ. పాత సీసాలన్నీ జాగ్రత్తగా వ్యానుకెక్కించాను, ఒక్కటి కూడా పగల్లేదు."

ముసలావిడ తాళంచెవిని చూసింది. బార్లా తెరిచున్న సెల్లార్‌ని చూసింది. తర్వాత అతన్ని ఎగాదిగా చూసింది.

"నాకున్నది ఒక్కగానొక్క కూతురు నాయనా" అంది.