ఇరవై ఏడో నంబరు

నాలుగోసారి కూడా వేరే అమ్మాయే తగిలింది.

"నమస్కారమండీ, నేను పదకొండో నంబరు సహాయకురాలిని. మీ వాషింగ్ మెషిన్‌కి వచ్చిన ఇబ్బంది ఏమిటి?" అని ఫోను తెర మీద అక్షరాలు మెరిశాయి.

గడియారాల మెకానిక్ జవాబివ్వకుండా ఆ చాట్ మూసేశాడు. మళ్లీ తెరిచాడు. ఆయనకు పదకొండూ అక్కర్లేదు, ముప్పై నాలుగూ అక్కర్లేదు. ఇరవై ఏడే కావాలి. యాభై దాటాక ఇదేం పోయేకాలమని ఆయనకే నవ్వొచ్చింది.

లోపలి గది తలుపు వైపు ఓరగా చూశాడు. మూసే ఉంది. భార్య లోపల ఏదో పనిలో ఉంది. ఆరు రోజులుగా ఆవిడ ఆయనతో మాట్లాడటం లేదు. కంచం పెడుతుంది, తీస్తుంది. కూరలో ఉప్పు ఎక్కువైందన్నాడు, తక్కువైందన్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మెషిన్ గది మూలన వీపు విప్పుకుని నిలబడి ఉంది. బట్టలు ఆయనే బకెట్లో ఉతుకుతున్నాడు. ఇంకొక్క రోజు ఇలాగే గడిస్తే పిచ్చెక్కడం ఖాయమనిపించింది.

ఏడో ప్రయత్నంలో అదృష్టం పండింది.

"నమస్కారమండీ, నేను ఇరవై ఏడో నంబరు సహాయకురాలిని."

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. గబగబా టైపు చేశాడు. "మీ కోసమే చూస్తున్నాను. ఎలా ఉన్నారు?"

సహాయకురాళ్లు నలభై సెకన్లలోపు జవాబివ్వాలనీ, కస్టమర్ సరేననే దాకా చాట్ ముగించకూడదనీ ఆ కంపెనీ రూలు. అది ఆయనకెలా తెలుసంటే, తెలుసు, అంతే. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిదో సెకనుకి జవాబొచ్చింది.

"మెషిన్ సంగతి చెప్పండి సార్."

"విప్పాను. గడియారాలు విప్పే చేతికి ఇదో లెక్కా అనుకున్నాను. లోపలి భాగాలు బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి."

"విప్పొద్దని ఎవరూ చెప్పలేదా సార్?"

"మా ఆవిడ చెప్పింది. నీకేం తెలుసు, నోరు మూసుకోమన్నాను. మూసుకుంది."

మళ్లీ ముప్పై తొమ్మిది సెకన్లు.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్."

"మీరెందుకు చింతించడం? తప్పు నాది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇన్నాళ్లకి మీతో నాలుగు మాటలాడితే ప్రాణం లేచొచ్చింది. రోజూ మాట్లాడతారా?"

"మెషిన్ గురించి మాత్రమే అడగండి సార్."

"అయితే రోజూ ఏదో ఒకటి విప్పుతాను."

ఈసారి నలభై సెకన్లు దాటిపోయాయి. యాభై కూడా దాటాయి. లోపలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకునేసరికి ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

చెవుల మీది హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుంటూ, ఆరు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది ఇరవై ఏడో నంబరు: "ఏమండీ, అవతల మా సూపర్‌వైజరు చూస్తున్నాడు, ముందు నాకు ఆ ఐదు స్టార్లూ నొక్కి చావండి."