పెద్ద లెక్కల క్లాసు

“ఒక్క మార్కు, టీచరుగారూ. ఆస్తులు రాసివ్వమని అడగడం లేదు.”

ఆ మాటకు పక్క బల్ల దగ్గరున్న సైన్సు మాస్టారు తలెత్తి ఇద్దరినీ చూసి, దిద్దుతున్న పేపర్లు చంకన పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. స్టాఫ్ రూములో లెక్కల టీచరు, అమ్మాయి తండ్రి మిగిలారు.

పన్నెండో తరగతి ఆఖరి లెక్కల పరీక్షలో అమ్మాయికి ఎనభైతొమ్మిది వచ్చాయి. తొంభై వస్తే ఎ గ్రేడు. ఆమె ఆశలన్నీ పెట్టుకున్న ఇంజనీరింగ్ కాలేజీకి ఆ సాయంత్రమే మార్కులు పంపాలి.

తండ్రి కోపానికి కారణం ఆ మార్కు ఒక్కటే కాదు. ఆ స్కూల్లో లెక్కలు రెండు రకాలు. పిల్లలు వాటిని చిన్న లెక్కలు, పెద్ద లెక్కలు అంటారు. చిన్న లెక్కల్లో పుస్తకం పెద్దగా తెరవకపోయినా మార్కులొస్తాయి. అమ్మాయిని అందులోనే చేర్పిద్దామని ఆయన పోయినేడు నెత్తీ నోరూ బాదుకున్నాడు. టీచరు ఒప్పుకోలేదు. కాలేజీవాళ్లు మార్కులొక్కటే చూడరని, ఎంత కష్టమైన క్లాసులో తెచ్చుకున్నారో కూడా చూస్తారని పట్టుబట్టి పెద్ద లెక్కల్లో కూర్చోబెట్టింది. ఏడాదంతా ఆ పిల్లకు సరైన నిద్ర లేదు, ఆట లేదు. చిన్న లెక్కలు తీసుకున్న స్నేహితురాలు మాత్రం తొంభైఎనిమిది తెచ్చుకుని హాయిగా తిరుగుతోంది. ఇదంతా ఆయన ఏకరువు పెట్టాడు.

“కష్టమైన క్లాసుకు విలువిస్తారు. అది నేనిప్పటికీ నమ్ముతున్నాను,” అంది టీచరు. “మార్కూ చూస్తారు. ఎటు మొగ్గుతారో నా చేతిలో లేదు.”

“ఈ ముక్క పోయినేడు చెప్పాల్సింది.”

టీచరు అమ్మాయి జవాబు పేపరు తీసి ఆయన ముందు పెట్టి, సంగతి చెప్పింది. ఆఖరి లెక్క మొత్తం సరిగ్గా చేసి, చివర్లో ప్లస్ బదులు మైనస్ వేసింది అమ్మాయి. మిగతా పేపర్లన్నీ తనే దిద్దిన టీచరు, ఈ ఒక్కదాన్ని మాత్రం వేరే స్కూలు మాస్టారుతో దిద్దించింది. ఆయన వేసింది ఎనభైతొమ్మిదే. అది విన్నాక తండ్రికి ఒళ్లు మండిపోయింది. ఎవరికీ లేని పరీక్ష ఈ పిల్లకే ఎందుకని నిలదీశాడు. అదే తప్పుకు ఇంకొందరికీ మార్కు పోయిందని, వాళ్ల తరఫున అడిగేవాళ్లు ఈ గదిలో లేరని టీచరు మెల్లగా చెప్పింది.

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “ఏ తల్లయినా ఈ పని చేస్తుందా?”

ఆయన వెళ్లాక టీచరు చాలాసేపు తల పట్టుకుని కూర్చుంది. కష్టపడ్డ పిల్ల ముందు తలుపు మూసుకుపోతే ఆ పాపం ఎవరిది? తన మీదే విసుగొచ్చింది. చివరికి కంప్యూటరు ముందుకు జరిగి ఎనభైతొమ్మిది అని కొట్టింది. వేలు మీట మీద కాసేపు ఆగింది. ఆ తర్వాత నొక్కేసింది.

గేటు దగ్గర అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. టీచరు దగ్గరికి వెళ్లింది.

“పంపేశాను,” అంది.

“తెలుసు. ఆ మైనస్ నేను వేసిందేగా.” అమ్మాయి ముక్కు తుడుచుకుంది.

టీచరు తల దించుకుంది.

“నాన్న కారులో ఉన్నాడు, ఇంటికెళ్దాం పద అమ్మా,” అంది అమ్మాయి.