రేవు కేక

"బోట్లవారికి విజ్ఞప్తి. నౌకాశ్రయంలో పొగమంచు దట్టంగా ఉంది. నౌకాశ్రయంలోకి వచ్చేవారు..."

"రేవూ...!"

బయటి కేక మైకులో దూరి, మైకాసురుడి ప్రకటనని మధ్యలో మింగేసింది.

హార్బరులో మైకు ముందు కూర్చునే ఉద్యోగికి జనం పెట్టిన పేరది. మైకు ఆపినా అతని మాట ఆగదు.

ఇకమీదట 'రేవు' అనొద్దు, 'నౌకాశ్రయం' అనాలని పై ఆఫీసు హుకుం.

"అనకపోతే నా నౌకరీకి ఆశ్రయం ఉండదర్రా!" అని కనబడ్డవాడికల్లా చెప్పాడు.

ఒక్కడూ నవ్వలేదు.

విసురుగా బయటికొచ్చాడు. జెట్టీ కొసన ఆ ముసలాయనే.

ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. ఈ మధ్యే ఊళ్ళో దిగాడు. మంచు పడితే చాలు, వచ్చి అరుస్తాడు.

మంచులో దారి కానని బోట్లకి ఒడ్డునుంచి 'రేవూ' అని కేకెయ్యడం పాత అలవాటే. బోటులోంచి 'వచ్చాం' అని జవాబు రాగానే ఆపెయ్యాలి.

ఈయన ఆపడు. బోటు ఒడ్డుకొచ్చి, దాని ముక్కుమీద చెయ్యేసి నిమిరితేగానీ నోరు మూయడు. ఆ వెంటనే ఇంకో బోటుకి మొదలు.

"తాతా! వాళ్ళు పలికారుగా! గొంతు చించుకోకు. చిరిగితే వలలు కుట్టేవాళ్ళ చేత కుట్టించాల్సొస్తుంది!"

ముసలాయన అతని మొహంలోకి చూసి, బోసినోటితో పకపకా నవ్వాడు.

మైకాసురుడు కాస్త మెత్తబడ్డాడు. కట్టుకున్న పెళ్ళాం కూడా నవ్వని జోకులకి నవ్వే మనిషి లోకంలో ఈయనొక్కడే.

కానీ ప్రకటనల్లో ఎవరో అరుస్తున్నారని పైనుంచి అప్పటికే అక్షింతలు పడ్డాయి.

ముసలాయన చెయ్యి పట్టుకుని గేటుదాకా నడిపించాడు.

"నౌకాశ్రయమంటే నౌకలకి ఆశ్రయం తాతా, నీకు కాదు. మళ్ళీ రాకు."

"రేపొస్తా నాయనా!"

పట్టుకున్న చేతిని గట్టిగా నొక్కి, నవ్వుకుంటూ వెళ్ళాడాయన.

"మొండిఘటం!" అనుకున్నాడు మైకాసురుడు.

మర్నాడు ముసలాయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మళ్ళీ మంచు దిగిన ఉదయం, మైకాసురుడి తమ్ముడి బోటు ఇంకా సముద్రంలోనే ఉంది.

"నౌకాశ్రయం ఇటు... నౌకాశ్రయం ఇటు..."

మైకులో మొత్తుకున్నాడు. జవాబు లేదు. ఒక్క జోకూ తట్టలేదు.

ఎండెక్కి మంచు విడిపోయాక వచ్చింది బోటు. పక్కచెక్కలు రాళ్ళకి గీరుకుపోయి ఉన్నాయి. తమ్ముడి నుదురు చిట్లి ఉంది.

"అన్నయ్యా, నీ మైకులు హార్బరు చుట్టూ కట్టారు. ఎటు తిరిగినా నువ్వే! ఎటని రాను? తాత గొంతయితే ఒక్కచోటినుంచే వచ్చేది. ఏడీ తాత?"

మైకాసురుడు తమ్ముడి నుదుటికి కట్టు కట్టించి, బయల్దేరాడు.

వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, వెనక సందులో ఇల్లు పట్టుకున్నాడు. ముసలాయన కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయారండీ. హార్బరునుంచి వచ్చిన ఆ రాత్రే, నిద్రలోనే."

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఇక్కడ నీకు ఆశ్రయం లేదు, రావద్దు అన్నానమ్మా. ఆ మాటకే మనసు కష్టపెట్టుకున్నారేమో..."

"మైకాయన మీరేనా! మీ గురించి ఒకటే చెప్పడం. చెయ్యి పట్టుకుని గేటుదాకా సాగనంపారని ఆరోజంతా మురిసిపోయారు."

"నేను తరిమేశానమ్మా! నా జోకులకి నవ్వే మనిషి ఆయనొక్కడే. ఆయన్నే తరిమేశాను."

ఆమె చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చి, పక్కనే కూర్చుంది.

"బాధపడకండి. బోటు ఇంజను గదిలో పనిచేసి చేసి నాన్నకి ఎప్పుడో చెవులు పోయాయి. మీ మొహంలో నవ్వు చూసి నవ్వేవారు. పడవవాళ్ళు పలికినా తెలియదు కనక, చేతికి తగిలేదాకా పిలుస్తూనే ఉండేవారు."