ఒక్క నిద్రతో మానే గాయం

డానియల్ చేసిన తప్పు ఒక్కటే. వచ్చిన మొదటి రోజే పుస్తకానికి వంక పెట్టాడు.

'కోటదారి' అని నలభై పేజీల జిరాక్సు కట్ట అది. నలుగురు చాప మీద కూర్చుని, తలా ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. దాని నియమాలన్నీ అందులో ఉంటాయి. రాసినవారి పేరు లేదు. చివర ఒక ఈమెయిల్ అడ్రసు మాత్రం ఉంది.

జడ్చర్లలో సురేశ్ కిరాయి గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట నడిపించేది పరమేష్. వారమంతా మందుల కంపెనీలో లేబుళ్లు చూసుకునే మనిషి, ఆదివారం మాత్రం చిరుతలను వదులుతాడు, కోటలు కూలుస్తాడు. మూడేళ్లుగా ఆ చాప మీద అతని మాటకు ఎదురు లేదు.

ఆ ఆదివారం నలభై దాటిన ఒకాయన కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. పేరు డానియల్ అన్నాడు. షాద్‌నగర్ నుంచి వచ్చాడట. ఇక్కడ ఆట నడుస్తుందని ఎవరో చెప్పారట, తననూ కూర్చోనిస్తారా అని అడిగాడు.

కూర్చోనిచ్చారు. గంట గడవకముందే సురేశ్ పాత్ర కొండ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది.

"ఫికర్ లేదు. పుస్తకం ప్రకారం ఒక్క రాత్రి పండుకుంటే అన్ని గాయాలు మానుతయ్," అన్నాడు పరమేష్.

డానియల్ తన కాలు నిమురుకున్నాడు.

"ఒక్క నిద్రతోని మానుతదా తమ్మీ? లారీ తాకి నేను ఎనిమిది నెలలు మంచంల ఉన్న. గీ పుస్తకం రాసినోనికి అప్పటిదాక దెబ్బ తాకి ఉండదు."

పరమేష్ ముఖం మాడిపోయింది.

"రాసినాయనతోని నాకు మెయిల్లు నడుస్తుంటయ్. ఒక్క అక్షరం మార్చొద్దంటడాయన."

"అవునా," అన్నాడు డానియల్.

పరమేష్ మూడు మెయిల్లు పెట్టిన మాట నిజమే. ఒక్కసారి వచ్చి మా ఆట చూడండని బతిమాలుకున్నాడు కూడా. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు.

మరి ఎట్లా మానాలంటావన్నా అని నవనీత అడిగింది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు, ఆటలో దొంగ. గాయపడ్డవాడు ఒంటరిగా పడి ఉంటే రోజుకు ఒక్క ప్రాణం పాయింటే తేరుకోవాలని, పక్కన ఎవరైనా కూర్చుంటే మూడు తేరుకోవచ్చని డానియల్ చెప్పాడు. ఒక్క వారం చూద్దామన్నారు సురేశ్, నవనీత. ఎట్లాగూ బెడిసికొడుతుందిలే అని పరమేష్ ఒప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం, మూడేళ్లలో ఎన్నడూ నిధిని విడిచిపెట్టని దొంగ, నిధిని గుహలోనే వదిలి విరిగిన కాలు పక్కన కూర్చుంది. ఊరికే కూర్చోలేక ముచ్చట పెట్టింది. సురేశ్ తన పాత్ర మాటలుగా మొదలుపెట్టి, తల్లి నాగులమ్మ దవాఖానలో ఉన్నప్పుడు తాను పక్కన లేని సంగతి చెప్పాడు. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ పూట పాచిక పడలేదు, చిరుత రాలేదు, పొద్దు ఎట్లా గడిచిందో ఎవరికీ తెలియలేదు.

పరమేష్‌కు మాత్రం ప్రతి నిమిషం తెలిసింది. తన చిరుతలకు వీళ్లు భయపడ్డారు, కేకలు వేశారు. కానీ ఒక్కనాడూ కళ్లు తుడుచుకోలేదు.

లేచేముందు నవనీత, "వచ్చే వారం ఏం చేద్దామన్నా?" అని అడిగింది. అడిగింది పరమేష్‌ను కాదు, డానియల్‌ను.

తరువాతి ఆదివారం ఆట మొదలవగానే చిరుత వచ్చింది. నేరుగా డానియల్ మీదికే దూకింది. అతనికి ఒక్క పాయింటు మిగిలింది.

"నేను పక్కన కూసుంట," అంది నవనీత.

"పుస్తకంల గట్ల లేదు."

"అయితే పండుకోనీ. పుస్తకం ప్రకారమే మానుతది గద," అన్నాడు సురేశ్.

"ఇంకా పొద్దు గూకలే," అని పరమేష్ రెండో చిరుతను వదిలాడు.

డానియల్ పాచిక వేశాడు. ఒకటి పడింది.

ఆటలో చచ్చినవాడు తన పాత్ర కాగితం చింపి, అందరికీ చాయ్ పెట్టి ఇచ్చి వెళ్లిపోవాలి. ఆ గదిలో అది మొదటి నుంచీ ఉన్న ఆచారం. డానియల్ కాగితాన్ని నీటుగా రెండు ముక్కలు చేశాడు. స్టవ్ దగ్గర కాలు మార్చి మార్చి నిలబడి చాయ్ పెట్టాడు. మొదటి గ్లాసు పరమేష్‌కే ఇచ్చాడు.

"చక్కెర జర ఎక్కువైనట్టుంది," అని తనే నవ్వాడు. గ్లాసులు కడిగి బోర్లించి, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అతని ఫోన్ నంబరు కూడా ఎవరి దగ్గరా లేదు.

ఆ తరువాత నవనీతకు బడి పనులు ఎక్కువయ్యాయి. సురేశ్ ఆదివారాలు తల్లి దగ్గరికి పోతూ, గది తాళంచెవి పరమేష్‌కు ఇచ్చిపోయేవాడు.

రెండు నెలలకు, చాప మీద ఒక్కడే కూర్చుని ఉండగా, పరమేష్ ఫోన్ మోగింది. 'కోటదారి' అడ్రసు నుంచి మెయిల్. లోపల పుస్తకం కొత్త ప్రతి ఉంది. గబగబా గాయాల పేజీ తెరిచాడు. 'ఒక్క నిద్రతో ఏ గాయమూ మానదు. పక్కన కూర్చునే మనిషి కావాలి' అని మొదలైంది.

వెనక్కి వచ్చి మెయిల్ చదివాడు. రెండే వాక్యాలున్నాయి.

"పరమేష్, నీ మూడు మెయిల్లకు జవాబు రాసుడెందుకని నేనే వచ్చిన, పేరు చెప్తే అందరూ మొహమాటపడ్తరని చెప్పలే. ఆ దినం చాయ్‌ల చక్కెర ఎక్కువైంది, ఏమనుకోకు తమ్మీ."